మందు వేయని సీసా

ఫిబ్రవరి 3, సోమవారం

వంటింటి కిటికీలో మైలుతుత్తం తెచ్చి పెట్టారు. అన్నం వండుకునే చోట. చెబితే వినేవాళ్ళు లేరు, ఇక్కడైనా రాసుకుంటాను.

ఆ నీలం పలుకులు చూడగానే గుర్తుపట్టాను. మా పుట్టింటి వైపు తమలపాకు తోటల్లో తెగులుకి సున్నంతో కలిపి కొట్టేవారు. కొట్టిన రోజు పిల్లల్ని ఆ గట్టు మీదికి కూడా పోనిచ్చేవారు కాదు. ఇక్కడ నా మనవరాలు అనిక దాన్ని నీళ్ళలో కలిపి చిన్న బుడ్డిలో పోసి, పంచదార డబ్బా పక్కన పెట్టింది.

స్కూల్లో సైన్సు పోటీ ఉందట. నాలుగు గాజు సీసాల్లో పాచి పెంచుతోంది. మనం గోకి గోకి పారబోసే పాచిని పోస్టులో తెప్పించుకున్నారు. మూడు సీసాల్లో మైలుతుత్తం నీళ్ళు చుక్కలు వేస్తుంది. ఒకదాంట్లో కొంచెం, ఒకదాంట్లో ఇంకాస్త, ఒకదాంట్లో బాగా. నాలుగోదాంట్లో ఏమీ వేయదు. దాన్ని చూసుకుని మిగతా మూడూ ఎంత చెడ్డాయో చెప్పాలట. మా వరస ఇళ్ళ వెనక చెరువుంది, అమెరికాలో మేముండే ఈ ఆష్‌బర్న్‌లో ఇలాంటివి ప్రతి కాలనీకీ ఉన్నాయి. ఏటా పాచి పట్టకుండా అందులో ఇదే మందు చల్లిస్తారు. అది పాచి లోపలికి పోయి ఏం చేస్తుందో చూడాలని పిల్ల పట్టుదల. ఇందులో నెగ్గితే ఎండాకాలం సెలవుల్లో యూనివర్సిటీ ల్యాబులోకి రానిస్తారట. పడుకున్నా అదే మాట, లేచినా అదే మాట.

మా కోడలు అనురాధతో మెల్లగా అన్నాను, ఆ విషం కిందికి బేస్‌మెంట్లోకి మార్చమని. కిందైతే ఎండ రాదట. "అత్తయ్యా, మీరు ఆ సీసాల జోలికి వెళ్ళకండి, అంతే చాలు" అంది. నేనెందుకు వెళతాను? పోయిన నెల స్టవ్ ఆపడం మరిచిపోయినప్పటి నుంచి ఈ ఇంట్లో నేను ఏది ముట్టుకున్నా నేరమే.

ఫిబ్రవరి 6

అనిక నన్ను పిలిచి సూక్ష్మదర్శినిలో చూపించింది. కళ్ళద్దాలు తీయాలా ఉంచాలా తెలియక కాసేపు నా కనురెప్పలే కనపడ్డాయి. తర్వాత కనపడ్డాయి.

పాచి అంటే బంకలా ఉంటుందనుకున్నాను. కాదు. పచ్చటి గింజలు, ఒక్కొక్కదానికీ ముందు రెండు మీసాలు, ఆ మీసాలతో ఈదుతున్నాయి. గిరగిరా తిరుగుతాయి, ఒకదాన్నొకటి ఢీకొని మళ్ళీ పోతాయి. అది మందు వేయని సీసాలోది. రెండోది చూపించింది. ఆ గింజలకి మీసాలు లేవు. ఉబ్బిపోయి, నాలుగైదు ఒకదానికొకటి అతుక్కుని, కదలకుండా పడున్నాయి. పచ్చదనం పోయి పాలిపోయాయి.

ఎందుకిలా అంటే దాని భాషలో చెప్పింది. "అవి వన్ సెల్ అంతే నానమ్మా. స్టమక్ లేదు, లివర్ లేదు. దానికి ఆ మెటల్ టైనీ బిట్ కావాలి, సో అదే డోర్ ఓపెన్ చేస్తుంది. ఎక్కువ వస్తే బయటికి పుష్ చెయ్యలేదు." ఆ గింజలో పచ్చటి పదార్థం మధ్యలో ఒక చిన్న తునక ఉంటుందట. ఈ మందు వెళ్ళి దాన్ని నెట్టేసి ఆ చోట్లో కూర్చుంటుందట. ఇక ఎండ పడినా తిండి తయారుచేసుకోలేదు.

తలుపు తానే తీసి చావడం ఏమిటి.

ఫిబ్రవరి 10, సోమవారం

మందు వేయని సీసా నా కుర్చీ పక్కనే ఉంటుంది. ఎంత పచ్చగా ఉందో. చిలకలా ఉంది. పొద్దున్నే దాన్ని చూస్తే కళ్ళకి చల్లగా ఉంటుంది.

నీళ్ళు తగ్గిపోతున్నాయి. హీటరు గాలి సరిగ్గా దాని మీదికే కొడుతోంది. అనిక గీత గీసి పెట్టింది, గీత కిందికి దిగింది. చెప్పాను. శనివారం పోస్తానంది. శనివారం దాకా ప్రాణులు ఎండిపోవాలా? చెప్పుకుంటే నవ్వుతారు.

ఫిబ్రవరి 11

నేను ముట్టుకోలేదు. ఒక చెంచా నీళ్ళు పోశాను, అంతే. కుళాయి నీళ్ళు బ్లీచింగ్ వాసన, అవి పోస్తే నిజంగానే చస్తాయి. నా రాగి చెంబులో రాత్రంతా నిలవున్న నీళ్ళు పోశాను. నేను తాగేవే. మిగతా మూడు సీసాల దగ్గరికి పోలేదు, విషం.

ఫిబ్రవరి 14

వెనక చెరువు చుట్టూ నడుస్తుంటే కనకదుర్గ గారు కలిశారు. నాలుగిళ్ళ అవతల వాళ్ళమ్మాయికి బాబు పుట్టాడు, పురుటికి వచ్చారు. ఆవిడతో మాట్లాడితే కాస్త ప్రాణం లేచి వస్తుంది. ఇవాళ మాత్రం పాడు కబురు చెప్పారు. పెద్దవాళ్ళ డే కేర్ సెంటర్ ఒకటుందట, పొద్దున వ్యాన్ వచ్చి తీసుకెళ్ళి సాయంత్రం దింపుతుందట. ఇడ్లీ పెడతారు, క్యారమ్స్ ఆడిస్తారు, భజన ఉంటుంది. మా అనురాధ ఆ సెంటర్ నంబరు వాళ్ళమ్మాయిని అడిగిందట.

"మీకు తెలుసనుకున్నానండీ" అన్నారావిడ.

తెలుసన్నాను.

ఇంటికొచ్చాక చారులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే భయం.

ఫిబ్రవరి 16

రాజీవ్‌ని అడుగుదామని మూడుసార్లు వాడి గది దాకా వెళ్ళాను. వాడు మీటింగులో ఉన్నాడు. ఉద్యోగాల మాట, ఎవరినో తీసేశారనే మాట. అమ్మని డే కేర్‌లో వేస్తావా అని అప్పుడేం అడగను. కొడుకు ముఖం చూస్తే వాడినే ఎక్కడో చేర్పించాలనిపిస్తోంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

మందు వేయని సీసా పాలిపోయింది.

నాలుగు రోజులుగా నాకు కనపడుతూనే ఉంది. వెలుతురు తేడా అనుకున్నాను. ఇవాళ అనిక బడి నుంచి వచ్చి సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, చుక్క మార్చి మార్చి చూసింది. మీసాలు లేవట. ఉబ్బి అతుక్కుపోయాయట. రెండో సీసాలో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే. పదహారేళ్ళ పిల్ల, చిన్నపిల్లలా బల్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆ సీసా చెడిపోతే మిగతా మూడూ ఎందుకూ పనికిరావట.

రాజీవ్ వచ్చి ఓదార్చాడు. చుక్కలు పొరపాటున ఇందులో వేశావేమో అన్నాడు. లేదని ఒట్టు పెట్టింది. నీళ్ళలోనే ఏదో ఉందేమో, శనివారం పోసిన నీళ్ళు ఎక్కడివి అన్నాడు. కుళాయివే పట్టి రెండు రోజులు ఆరబెట్టి పోశానంది. "అయితే పైపుల్లోంచి రాగి దిగుతోందేమో" అన్నాడు.

రాగి ఏమిట్రా, అది పోసింది మైలుతుత్తం కదా అన్నాను.

"మైలుతుత్తంలో ఉండేది రాగేనమ్మా. అందుకే నీలంగా ఉంటుంది."

వాడికి ఏం తెలుసు. కంప్యూటర్లు చదివాడు. రాగి విషమైతే మా అమ్మ, మా అత్తగారు, నేను, అందరం ఎప్పుడో పోవాలి. రాగి చెంబులో నీళ్ళు తాగమని ఇప్పుడు డాక్టర్లు కూడా ఫోన్లో వీడియోలు పెడుతున్నారు.

ఇవాళ పోయలేదు.

ఫిబ్రవరి 20

ప్లంబర్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, బూట్లకి నీలం తొడుగులు వేసుకుని ఇల్లంతా తిరిగాడు. ఈ ఇంట్లో గొట్టాలన్నీ ప్లాస్టిక్‌వేనట. రాగి ముక్క లేదట. రాజీవ్ వినలేదు. ఇల్లు కట్టినవాళ్ళకి ఫోన్ చేసి, నేను ఈ దేశానికి వచ్చాక ఎప్పుడూ విననంత గట్టిగా మాట్లాడాడు. అంత మెత్తటి పిల్లాడు.

నేను వంటింట్లో వంకాయలు తరుగుతూ కూర్చున్నాను. అవసరం కంటే ఎక్కువ తరిగాను.

ఒకసారి పోశాను, రెండోసారి పోశాను. అంతకంటే ఏం లేదు. రెండు చెంచాలకి సీసా చస్తుందా? హీటరు గాలికే అయి ఉంటుంది.

ఫిబ్రవరి 22, శనివారం

అనిక కాగితం పట్టీలు తెప్పించింది. నీళ్ళలో ముంచితే రాగి ఉన్నదీ లేనిదీ రంగు చెబుతుంది. వంటింటి కుళాయి, స్నానాలగది కుళాయి, ఫ్రిజ్ నీళ్ళు, ఐసుగడ్డ, తోటలో కుళాయి, అన్నీ ముంచింది. దేనికీ రంగు రాలేదు.

అది తోటలోకి వెళ్ళినప్పుడు చెంబు తీసి అలమరలో బియ్యం డబ్బా వెనక పెట్టాను. బల్ల మీద తడి వలయం మిగిలింది, చెంగుతో తుడిచాను. నేను అక్కడే కుర్చీలో కూర్చుండిపోవడం చూసి అనురాధ షుగర్ తగ్గిందేమోనని బిస్కెట్ ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 23

నేను ఆ నీళ్ళు తాగుతూనే ఉన్నాను. నాకేం కాలేదు. రాయడానికి నాకేం భయం.

ఫిబ్రవరి 24, సోమవారం

ఇప్పుడు ఊరంతా పాకింది. మా వరస ఇళ్ళవాళ్ళకి ఒక గుంపు ఉంది, ఫోన్లో. అనిక నిన్న అందులో రాసిందట, మన కుళాయి నీళ్ళలో రాగి ఉండొచ్చు, నా ప్రయోగంలో తేలింది, జాగ్రత్త అని. పొద్దుటి నుంచి రాజీవ్ ఫోన్ మోగుతూనే ఉంది.

చెరువు దగ్గర కనకదుర్గ గారు కనపడ్డారు. ముఖం పీక్కుపోయింది. పసివాడికి పాలపొడి కలిపేది కుళాయి నీళ్ళతోనేనట. నిన్నటి నుంచి వాళ్ళమ్మాయి కలిపిన పాలన్నీ పారబోసి, సీసా నీళ్ళు తెచ్చి, డాక్టరుకి ఫోన్ చేసి, పిల్లవాడు కక్కినప్పుడల్లా అదేనేమోనని ఏడుస్తోందట.

"మీ మనవరాలు పుణ్యాత్మురాలు, ముందే చెప్పింది" అన్నారు. నా చెయ్యి పట్టుకున్నారు కూడా.

పిల్లలు కక్కుతారండీ, అది మామూలే అన్నాను. అంతవరకే అన్నాను. అక్కడ నిలబడి ఇంకో మాట అనలేకపోయాను. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది.

నాకు కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు. పాచి మీద. ఆ గింజల మీద. మనిషి తాగితే మంచిదైన నీళ్ళు తాగి చావడమేమిటి అవి. చచ్చి ఇంత రభస చేయడమేమిటి.

ఫిబ్రవరి 26

శనివారమే పోటీ. అనిక పెద్ద అట్ట మీద కాగితాలు అతికిస్తోంది. పైన పెద్ద అక్షరాల్లో ఏదో రాసింది, చదివించుకున్నాను: మన కుళాయి నీళ్ళలో రాగి.

మరి ఆ పట్టీలకి రంగు రాలేదు కదే అన్నాను.

"అది బోర్డు మీద పెట్టను నానమ్మా. స్ట్రిప్స్ చీప్ కదా, రాంగ్ అయ్యుండచ్చు. పెడితే జడ్జెస్ కన్ఫ్యూజ్ అవుతారు."

నా వైపు చూడకుండా అంది. జిగురు రాస్తూ అంది. ఆ చూపు తప్పించడం నాకు తెలుసు. ఈ మధ్య అద్దంలో రోజూ చూస్తున్నాను. పిల్లకి అబద్ధం రాదు, ఇప్పుడు నేర్చుకుంటోంది. అక్కడ అందరి ముందూ నిలబడి ఆ మాట చెబుతుంది. పట్టీలు వేశావా అని ఎవరైనా అడిగితే లేదంటుంది. ఆ తర్వాత ఏ ల్యాబులో కూర్చున్నా ఆ 'లేదు' దాని పక్కనే కూర్చుంటుంది.

ఫిబ్రవరి 27, గురువారం

చెప్పాను.

రాజీవ్, అనురాధ ఆఫీసులకి వెళ్ళాక, అది బూట్లు వేసుకుంటుంటే చెప్పాను. "ఆ సీసాలో నీళ్ళు పోసింది నేనమ్మా."

"ఏ నీళ్ళు?"

అలమర తీసి, బియ్యం డబ్బా జరిపి, చెంబు తెచ్చి బల్ల మీద పెట్టాను. చెంబు వంక చూసింది. ఒక బూటుతోనే కుంటుకుంటూ పైకి వెళ్ళి పట్టీ తెచ్చి ముంచింది. రంగు తిరిగింది. దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని ఎంతసేపు చూసిందో. అరుస్తుందనుకున్నాను.

"ఎన్నిసార్లు?"

ఒకసారి అన్నాను.

"నానమ్మా."

రెండు మూడు సార్లు.

"నానమ్మా, ప్లీజ్. నిజం నంబర్ కావాలి."

"రోజూ" అన్నాను. "నీళ్ళు దిగినప్పుడల్లా."

ఇక్కడ కూడా నేను అలా రాసుకోలేదు.

అప్పుడు మొదలుపెట్టింది. అరవలేదు, కానీ ఒక్కో మాటా కొట్టినట్టే ఉంది. "నాన్న ఇల్లు కట్టినవాళ్ళని తిట్టాడు. నేను అందరికీ మెసేజ్ పెట్టాను. ఆ బేబీ వాళ్ళ అమ్మ రోజూ ఏడుస్తోంది. నువ్వు అన్నీ చూస్తూ కూర్చున్నావు. ఎందుకు చెప్పలేదు?"

"ఆ సెంటర్‌కి పంపించేస్తారని."

"ఏ సెంటర్?" అంది. సెంటర్ సంగతి దానికి తెలియదు కాబోలు. ఆ తర్వాత అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "నీకు భయం, ఓకే. కానీ నీ భయం కోసం నేను లై చెప్పాలా?"

బస్సు వెళ్ళిపోయింది. అది అక్కడే మెట్టు మీద కూర్చుని ఫోన్లో ఆ గుంపుకి రాసింది, తప్పు నాది, నీళ్ళు బాగానే ఉన్నాయి, సారీ అని. నా పేరు రాయలేదట. "బోర్డు మీద మాత్రం రాస్తాను. రాయాలి. సోర్స్ చెప్పకపోతే సైన్స్ కాదు" అంది. రాయమన్నాను. రాజీవ్ చూస్తాడు కదా అంది. చూడనీ అన్నాను.

ఫిబ్రవరి 28

కనకదుర్గ గారింటికి వెళ్ళి నా నోటితో చెప్పి వచ్చాను. ఆవిడ లోపలికి రమ్మనలేదు. పిల్లవాడు పడుకున్నాడన్నారు.

మార్చి 1, శనివారం

స్కూలు జిమ్‌లో వందల బల్లలు. మా అనిక అట్ట మీద పాత అక్షరాల మీద కొత్త కాగితం అతికించి ఉంది. అంచు కింద పాతది కొంచెం కనపడుతోంది. రాజీవ్ అది చదవడం నేను చూశాను. ఒక చోటికి వచ్చి ఆగాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. నా వైపు తిరగలేదు. అనురాధ తిరిగింది, వెంటనే బ్యాగులో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

జడ్జి ఒకావిడ వచ్చింది. తెల్లజుట్టు, నా ఈడే ఉంటుంది. అనికని చాలా అడిగింది. అది గింజల ఫోటోలు చూపిస్తూ చెప్పింది. తర్వాత ఆవిడ నన్ను చూపించి ఏదో అడిగింది.

"ఎందుకు పోశారని అడుగుతున్నారు నానమ్మా."

"నీళ్ళు తగ్గాయి. ఎండిపోతాయేమోనని" అన్నాను.

అనిక ఇంగ్లీషులో చెప్పింది. నేనన్నదానికంటే చాలా ఎక్కువ చెప్పింది. ఏం చెప్పావే అంటే తర్వాత అంది. జడ్జి తల ఊపి ఏదో రాసుకుని వెళ్ళిపోయింది.

బహుమతి రాలేదు. టీచరు మాత్రం అనికని పక్కకి పిలిచి మాట్లాడింది. ల్యాబు దరఖాస్తుకి ఇంకా గడువుందట. ప్రయోగం మళ్ళీ మొదటి నుంచి సరిగ్గా చేసి చూపిస్తే ఉత్తరం రాస్తానందట. ఈసారి ఐదో సీసా కూడా పెట్టమందట.

కారులో ఇంటికి బయల్దేరాం. సిగ్నల్ దగ్గర రాజీవ్ నోరు విప్పాడు. "అమ్మా, సోమవారం ఆ సెంటర్‌కి వెళ్ళి ఒకసారి చూసొద్దాం. చూడ్డానికే." మెత్తగానే అన్నాడు. ఆ మెత్తదనమే గుండెలో దిగింది. సరే అందామనుకున్నాను. ఇంత చేశాక కాదనడానికి నాకు మొహం ఎక్కడిది?

వెనక నుంచి అనిక అంది: "మండే కుదరదు. నానమ్మకి పని ఉంది."

పనేమిటన్నాడు.

"ఐదో జార్ నానమ్మది. ఆమె ఎలా పోసిందో అలాగే పొయ్యాలి, ఎవ్రీ డే. ఆ చెంబు, ఆ చెంచా, ఆ చెయ్యి. నేను పోస్తే సేమ్ అవదు. ఈ ఎక్స్‌పెరిమెంట్ అయ్యేవరకు నానమ్మ ఎక్కడికీ వెళ్ళదు."

"అయ్యాక?" అంది అనురాధ.

"అయ్యాక నానమ్మని అడగండి. మీరిద్దరే మాట్లాడుకోకండి."

పచ్చ సిగ్నల్ పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

నా మీద దాని కోపం పోలేదు. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకోలేదు, రోజూ పట్టుకునేది.

మార్చి 2, ఆదివారం

కొత్త సీసాలు పెట్టింది. ఐదూ పచ్చగా ఉన్నాయి, ఇంకా దేంట్లోనూ ఏమీ పడలేదు. నా సీసాలోంచి ఒక చుక్క తీసి చూపించింది. ఈదుతున్నాయి.

చెంబు తెచ్చాను. అనిక కాగితం, పెన్ను పట్టుకుని పక్కన నిలబడింది. "ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. అప్పుడు ఎలా పోశావో అలా."

అప్పుడు ఎలా పోశానో చెయ్యికి గుర్తుంది. అప్పటి సీసా దేనివల్ల చచ్చిందో తెలియాలంటే, మందు వేయని సీసా పక్కన బతికుండగా ఇది చావాలి. అంతా అర్థమైంది. అర్థమైనా చెంచా వంగలేదు. తెలియనప్పుడు ఎంత తేలిగ్గా పోశాను.

అది తొందర పెట్టలేదు. వద్దులే అనీ అనలేదు.

పోశాను. రేపు మళ్ళీ పోయాలి.